‘ఇద్దరూ ఒప్పుకున్నారు’ అనే బటన్

నా ప్రోగ్రాంలోంచి ఒక బటన్ తీసేశారు. నన్ను అడగలేదు, నాకు చెప్పలేదు. ఒక సోమవారం పొద్దున వచ్చి కుర్చీలో కూర్చుంటే అది ఉండాల్సిన చోట లేదు. అది అన్యాయం. అప్పుడూ అదే మాట అన్నాను, రిటైరై ఇంట్లో కూర్చున్న ఇప్పుడూ అదే మాట అంటున్నాను.

బటనే కదా అని నవ్వే పిల్లలు ఉంటారు. నవ్వండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి. మీరు నాకంటే బాగా చదువుకున్నారు, మీ జేబులో ఉన్న ఫోను మా ఆఫీసు కంప్యూటర్లన్నీ కలిపినా చేయలేని పని చేస్తుంది. కాదనను. అయితే ఆ బటన్ తీసేయడానికి ఎంతమంది తెలివైనవాళ్లు ఎంత కష్టపడ్డారో నేను దగ్గరుండి చూశాను కాబట్టి, ఈ ఒక్క విషయంలో నా మాట వినక తప్పదు.

సాతంరాయి దాటాక బెంగళూరు హైవే పక్కన మా గోడౌను ఉండేది. విమానంలో పోవాల్సిన సరుకు ముందు మా దగ్గరికి వచ్చేది. మహేశ్వరం వైపు నుంచి కూరగాయలు, షాద్‌నగర్ వైపు నుంచి కోడిపిల్లలు, ఇంకా పూలు, చేపలు, మందులు, మోటారు సామాను. మేం తూకం వేసి, చీటీలు అంటించి, మా చల్లటి వ్యాన్లలో ఎయిర్‌పోర్టు కార్గోకి చేరవేసేవాళ్లం. గోడౌను లోపల ఒక్క బండికే చోటు. మిగతావి గేటు బయట మట్టి మైదానంలో వరసగా ఆగేవి. ముందొచ్చిన బండి ముందు లోపలికి పోవాలి. గొడవంతా ఆ వరస దగ్గరే.

నేను అక్కడ మూటలు మోసే పనిలో చేరాను. పదో తరగతి తప్పినవాణ్ణి. ప్రోగ్రాం రాయడం కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లో నేర్చుకున్నాను. ఇంగ్లీషు అర్థం కాని చోట ఉదాహరణ చూసేవాణ్ణి, ఉదాహరణా అర్థం కాకపోతే ఉన్నదున్నట్టు టైపు కొట్టి ఏమవుతుందో చూసేవాణ్ణి. నాకు గురువంటూ ఉంటే ఆ యంత్రం చూపించిన తప్పులే. గేటు గదిలో దుమ్ము పట్టి ఉన్న కంప్యూటర్‌ని తుడిచి, బండ్ల వరస దాంట్లో పెడతానని మేనేజర్‌తో అన్నాను. ఆయన ఇక్కడి మనిషే, మంచివాడే, కానీ కంప్యూటర్ అంటే జోస్యం చెప్పే చిలక అనుకునేవాడు.

“వరస సరే. ఏ సరుకు ముందు పోవాల్నో గూడ అదే చెప్పాలె,” అన్నాడు.

సరే అని రాయడానికి కూర్చున్నాను. రాయాలంటే ముందు నాకు తెలియాలి కదా. డ్రైవర్లు చాయ్ తాగే బండి దగ్గరికి పోయి అడిగాను. వాళ్లు నన్ను కాకా అనేవాళ్లు.

“చేపలే ముందు పోవాలె కాకా, ఇంక అడుగుడేంది?” అన్నాడు చేపల బండి ఆయన.

“మంచు నింపుకొచ్చినవ్ గదనే, నీ చేపలు పొద్దుమూకేదాంక గట్లనే ఉంటయ్. నా మల్లెపూలు చూడు, అప్పుడే మొఖం మాడ్చుకున్నయ్,” అన్నాడు పూల బండి ఆయన.

“నీ మొఖంకన్న నయమే గద!”

అందరూ నవ్వారు. తర్వాత జరిగిందే నేను చూడాల్సింది. చేపల ఆయన గ్లాసు కింద పెట్టి పూల బండి దగ్గరికి నడిచాడు. పూల ఆయన అడక్కుండానే వెనక తలుపు తీశాడు. ఆ మైదానంలో అది కట్టుబాటు. వంతు అడిగేవాడు తలుపు తీసి సరుకు చూపించాలి, నోటి మాటతో అడగకూడదు. చేపల ఆయన పూలబుట్టలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాడు. “అడుగున వేడెక్కుతున్నయ్. ఇగ పో, నా వంతు నీది,” అని తిరిగొచ్చి మిగిలిన చాయ్ తాగాడు.

ఆ చెయ్యి తెలుసుకున్నదాన్ని నేను ప్రోగ్రాంలో రాయలేను. ఎవరు రాయగలరు? అదే రోజు, చేపలు ముందా పూలు ముందా అని నేను గీసుకున్న కాగితాలన్నీ చించి పారేశాను. నా ప్రోగ్రాంలో బండ్లు వచ్చిన వరస ఉంటుంది, ‘లోపలికి’ అనే బటన్ ఉంటుంది, ‘ఇద్దరూ ఒప్పుకున్నారు’ అనే బటన్ ఉంటుంది. అంతే. వంతు మార్చుకునే ఇద్దరూ నా కిటికీ దగ్గరికి కలిసి రావాలి, నా మొహం చూసి సరే అనాలి. నేను రెండు బండ్ల నంబర్ల మీద నొక్కి ఆ బటన్ నొక్కుతాను. వాళ్ల చోట్లు మారతాయి. మధ్యలో ఉన్నవాళ్లకి నష్టం లేదు. వాళ్ల ముందుకు ఒకడు వస్తే, వాళ్ల ముందు నుంచి ఒకడు వెనక్కు పోయాడు. ఎవరూ కిటికీ దగ్గరికి వచ్చి ‘నా సంగతేంటి’ అనలేదు, ఎందుకంటే అనడానికి ఏమీ లేదు.

ఇది గొప్పలు చెప్పుకోవడమే. చెప్పుకుంటాను. ఆ బటన్ వెనక ఉన్న కోడ్ ఒక్క చూపులో చదివేయొచ్చు. ఏళ్ల తరబడి పనిచేసింది. అది ఆగింది కరెంటు పోయినప్పుడే, కరెంటు రాగానే మళ్లీ నడిచింది. మేనేజర్ మాత్రం మొదట చూసినప్పుడు, “గింతేనా? నేను గూడ రాస్త గద!” అన్నాడు. రాయలేదనుకోండి. ఎవరైనా చూడగానే తమకూ వచ్చనిపించే పని చేయడానికి నేను ఎన్ని కాగితాలు చించానో ఆయనకేం తెలుసు.

నా రిటైర్మెంట్ దగ్గరపడుతున్న రోజుల్లో కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానులు మాదాపూర్ నుంచి ఒక జట్టును పంపారు. దాని పెద్ద ఒక అమ్మాయి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఉద్యోగస్తుల కుటుంబం. మర్యాదస్తురాలు. చాయ్ బండి దగ్గర నిలబడే తాగేది, తన కప్పు తనే కడిగేది. ఆమెను తక్కువ చేసి మాట్లాడాలని నాకు లేదు, ఎందుకంటే ఆమె అడిగిన ప్రశ్న నాకు అన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

“సార్, ఈ రెండో బటన్ ఎవరు అడిగితే పెట్టారండీ?”

“ఎవరూ అడగలేదమ్మా. చూసి పెట్టిన.”

ఆమె తన స్క్రీన్ నా వైపు తిప్పింది. “ఈ బండి చూడండి. దాదాపు రోజూ తన వంతు ఎవరికో ఇచ్చేస్తోంది. తను మాత్రం ఒక్కసారీ ముందుకు రాలేదు. ఇది ఒప్పుకోవడం అంటారా? నాకైతే నలుగురూ కలిసి ఒక మెత్తటి మనిషిని తొక్కేస్తున్నట్టు కనబడుతోందండీ.”

అది ఖాళీ ట్రేలు తెచ్చే బండి. కూరగాయలు పోయిన ప్లాస్టిక్ ట్రేలు తిరిగి మా దగ్గరికి తెస్తాడు. రోజూ నా చేత్తో నొక్కిన బటనే, అలా ఎప్పుడూ చూడలేదు.

“ఆయన్నే అడుగుదాం పట్టు బిడ్డా,” అన్నాను.

“నలుగురిలో అడిగితే నిజం చెప్పడండీ. అలాంటివాళ్లు చెప్పరు.”

అదీ నిజమే కావచ్చు. నేను ఆలోచిస్తూ ఉండగానే ఆ సోమవారం వచ్చింది. బటన్ పోయింది. దాని బదులు ఏ సరుకు ముందు పోవాలో నిర్ణయించే నియమాలు వచ్చాయి. నేను చించి పారేసిన కాగితాలే మళ్లీ ఎదురొచ్చినట్టు అనిపించింది, కాకపోతే వీటికి రంగులున్నాయి. డ్రైవర్లు ఫోనులో తమ సరుకు రకం చెప్పాలి. గేటు దగ్గర కెమెరా నంబరు ప్లేటు చూసి, పిలిచిన బండికే అడ్డకర్ర ఎత్తుతుంది. నేను డ్రైవర్ల సందేహాలు తీర్చే కుర్చీలో కూర్చోవాలి.

పై ఆఫీసుకు మెయిల్ పెట్టాను. తిట్టాలనే కూర్చున్నాను కానీ తిట్లన్నీ తీసేస్తే ఒక్క ప్రశ్న మిగిలింది: ‘ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఒప్పుకున్నదాన్ని ఆపడానికి మనకు ఎన్ని లైన్ల కోడ్ పట్టింది?’ జవాబు రాలేదు.

“ఎందుకు పరేషాన్ అయితవ్?” అన్నాడు మేనేజర్. “ఉన్నన్ని దినాలు కుర్చీల కూసో, చాయ్ తాగు.”

కూర్చున్నాను. వినోదం చూశాను. కొత్త నియమాల్లో ప్రాణమున్న సరుకుకు మొదటి స్థానం. న్యాయమే. వారం తిరక్కుండా మైదానంలో ఉన్న బండ్లన్నీ ప్రాణమున్నవే అయ్యాయి. పూల ఆయన్ని నిలదీశాను.

“పూలు సచ్చినయా మరి? బతికే ఉన్నయ్ గద కాకా!”

పెరుగు బండి ఆయన ఇంకా ఘనుడు. “పెరుగుల పురుగులుంటయట, కండ్లకు కనబడయట. మా పాప బడిల చదివింది. అవి బతికుంటేనే పెరుగు.”

బేరింగులు తెచ్చే మోటారు సామాను ఆయన మాత్రం సిగ్గుపడ్డాడు. “అందరూ అదే నొక్కుతున్నరు. నేనొక్కణ్ణి నొక్కకుంటే ఈడనే ముసలోణ్ణయిత.”

మీకు ఇక్కడ ఒకటి చెప్పాలి. వీళ్లెవరూ అబద్ధాలకోర్లు కారు. అంతకుముందు వీళ్లే తలుపు తీసి సరుకు చూపించుకున్నారు. ఎదురుగా మనిషి చెయ్యి పెట్టి చూస్తాడంటే ఎవడూ బేరింగులకు ప్రాణం ఉందనడు. అడిగేది ఫోను అయ్యేసరికి, దానికి చెప్పిన మాట ఎవరికీ చెప్పినట్టు కాకుండా పోయింది.

ఆ అమ్మాయి జట్టు ఊరుకోలేదు. సరుకు ఫోటో తీసి పంపాలన్నారు. ఫోటో చూసి అదేమిటో కంప్యూటరే తేలుస్తుందట. పాత చిక్కు విప్పడానికి కొత్త ముడి. ఆ ముడి మే నెలలో ఒక మధ్యాహ్నం కోడిపిల్లల బండి మీద బిగుసుకుంది.

పొద్దునే గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లలు. చిల్లులున్న అట్టపెట్టెల్లో పెట్టి తెస్తారు. బండి నడుస్తున్నంతసేపు గాలి ఆడుతుంది. ఆగిందా, పెట్టెల్లో ఉక్క. డ్రైవరు వచ్చి గేటు ముందు ఫోటో తీశాడు. కంప్యూటర్ చూసింది. అది చూసిందల్లా అట్టపెట్టెలు. ‘ఖాళీ పెట్టెలు’ అని తేల్చి, బండిని వరస చివరికి, ఖాళీ ట్రేల ఆయన పక్కకి పంపేసింది. ఫోటోకి చప్పుడు వినబడదు కదా.

డ్రైవరు నా కిటికీ మీద పడ్డాడు. “కాకా, జర చూడు కాకా! అన్నీ సస్తయ్. ఇమానం ఎల్లిపోతది!”

ఆయన ఫోటోలో కంప్యూటర్‌కి ఏం కనబడిందో గానీ, వరసలో మొదట ఉన్నది మోటారు సామాను ఆయన. నేను పిలవకముందే పరుగెత్తుకొచ్చాడు. “నా తాన ఉన్నయి బేరింగులు. ఎండల ఉంటే వాటికేమయితది? ఆయన్ని పోనియ్యి కాకా, నా వంతు ఇచ్చిన.”

నా కిటికీ ముందు ఇద్దరూ నిలబడ్డారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. వేలు బటన్ ఉండే చోటికి దానంతటదే పోయింది. అక్కడ ఏమీ లేదు. కొత్త పద్ధతిలో విన్నపం పంపాను. ‘మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది’ అని వచ్చింది. మళ్లీ పంపాను. ముందుదే పరిశీలనలో ఉంది కాబట్టి రెండోది కుదరదని వచ్చింది. నా ఉద్యోగం మొత్తంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. అడ్డకర్ర మాత్రం కదలకుండా ఉంది.

అప్పుడు ఖాళీ ట్రేల ఆయన భుజం మీది తువ్వాల తలకు చుట్టుకుని, కోడిపిల్లల బండి తలుపు తీశాడు. ఒక పెట్టె రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

“కర్ర బండిని ఆపుతది గని మనిషిని ఆపుతదా? పట్టుండ్రి!” అని అరిచాడు.

నేను గేటు పక్కనున్న చిన్న తలుపు తెరిచాను. మైదానంలోని డ్రైవర్లందరూ బండ్లు దిగారు. పూల ఆయన, పెరుగు ఆయన, బేరింగుల ఆయన. బండి దగ్గర నుంచి చిన్న తలుపు దాకా, అక్కడి నుంచి తూకం దాకా ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. పెట్టెలు చేతులు మారుతూ లోపలికి వస్తున్నాయి. వంచకుండా, కుదపకుండా.

“అడ్డం పట్టకురా, అవి నీ పెరుగు కుండలు గావు!”

“నీ బేరింగులు గూడ గావు, మెల్లగ!”

ఆ రోజు ఆ అమ్మాయి అక్కడే ఉంది. లోపలి గదిలోంచి పరుగున వచ్చింది. “ఆగండి, ఇలా తీసుకురాకూడదు, సిస్టంలో ఎంట్రీ...” అంటూ ఉండగానే పూల ఆయన ఆమె చేతుల్లో ఒక పెట్టె పెట్టాడు. చిల్లుల్లోంచి పిల్లల అరుపు. ఆమె ఒక్క క్షణం ఆ పెట్టెను చెవి దగ్గరికి తెచ్చుకుని విన్నది. తర్వాత చున్నీ నడుముకు బిగించి కట్టి, దాన్ని నా చేతికిచ్చి, తరువాతి దానికి చెయ్యి చాచింది. అప్పటి నుంచి ఆఖరి పెట్టె దాకా ఆ వరసలోంచి పక్కకు రాలేదు.

విమానం అందింది. కొన్ని పిల్లలు లేవలేదు, అబద్ధం చెప్పను. మిగతావన్నీ అరుచుకుంటూ పోయాయి. కోడిపిల్లల డ్రైవరు నేల మీద కూలబడి తల మీద నీళ్లు పోసుకున్నాడు. బేరింగుల ఆయన వచ్చి తన సీసాలో నీళ్లు కూడా వాడి తల మీదే పోశాడు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. వరస తప్పిన బండి ఒక్కటీ లేదు, నియమం దాటిన కేసు ఒక్కటీ లేదు. నిజమే మరి, కోడిపిల్లల బండి చెప్పినచోటే బుద్ధిగా నిలబడి ఉంది. పొద్దుగూకే వేళకు కంప్యూటర్ దాన్ని పిలిచి అడ్డకర్ర కూడా ఎత్తింది. మేనేజర్ ఆ రిపోర్టు చదివి మురిసిపోయాడు.

“అబద్ధం సార్,” అన్నాను.

“అండ్ల ఏం అబద్ధమున్నది?”

అందులో ఉన్న ఒక్కొక్క అంకె నిజం. ఆ అమ్మాయి మాత్రం రిపోర్టు పక్కన పెట్టి లేచి మైదానంలోకి నడిచింది. నేనూ వెనకే పోయాను. ఖాళీ ట్రేల ఆయన తన బండి పక్కన కాళ్లు చాపుకుని ఉన్నాడు.

“అన్నా, ఒకటి అడగొచ్చా?” అంది. “ఇదివరకు రోజూ మీ వంతు ఎందుకు వదిలేసేవారు? ఎవరైనా బెదిరించేవారా?”

“నన్నా?” అని లేచి కూర్చున్నాడు. తను ఎంత పొడుగో ఆమెకు కనబడాలన్నట్టు నిటారుగా కూర్చున్నాడు. “నన్నెవడు బెదిరిస్తడక్కా? నా బండ్ల ఉన్నయి ఖాళీ ట్రేలు. జల్దీ లోపలికి పోతే జల్దీ ఖాళీ చేసి ఇంకో ట్రిప్పు ఏస్తరు. ఈడ ఆగితే మంచిగ పండుకుంట. మీరు ఆ బటన్ తీసిన కాంచి ఫోను గడియకోసారి మోగి ఏదో ఒకటి అడుగుతది, నాకు నిద్ర లేదు.”

ఆ అమ్మాయి అలా నవ్వడం నేను అప్పుడే చూశాను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, “ఇది ఏ రిపోర్టులోనూ రాదు కదండీ,” అంది నాతో.

“రాదమ్మా. రావద్దు గూడ. వస్తే మేనేజర్ ఊకుంటడా? ఆయనకు ఇంకో ట్రిప్పు ఏస్తడు.”

ఆమె అడిగిన ప్రశ్న తప్పు కాదు, నేను అప్పుడే అన్నాను. బలహీనుణ్ణి తొక్కుతున్నారేమోనని అనుమానపడటం మంచి మనసుకే వస్తుంది. కాకపోతే ఆ ప్రశ్నను ముందుగా స్క్రీన్‌ని అడిగింది, మనిషిని ఆఖర్న అడిగింది. మధ్యలో ఉన్న కోడ్ అంతా ఆ దూరమే. మీలో ప్రోగ్రాం రాసేవాళ్లు ఎవరైనా ఉంటే, ఇంకో నియమం చేర్చే ముందు ఒక్కసారి బయటికి నడిచి రండి. మనుషులు అప్పటికే చక్కగా చేసుకుంటున్న పని ఒకటి అక్కడ కనబడుతుంది. దాన్ని వాళ్లకే వదిలేసి, మీరు దారి ఇవ్వండి చాలు. అలా దారి ఇచ్చే ప్రోగ్రాం చూడటానికి చిన్నదిగా ఉంటుంది, ఎవరూ చప్పట్లు కొట్టరు. నాకు కొట్టలేదు. నాకేం తక్కువ కాలేదు.

తర్వాత కొన్నాళ్లకు నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. మేనేజర్ మాట్లాడుతూ నా ఓపిక గురించి చాలాసేపు చెప్పాడు, ఆయనకు నా గురించి తెలిసింది అంతే. ఏం కావాలో చెప్పమంటే, నా ప్రశ్నకు జవాబు కావాలన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ పంపుతూనే ఉన్నాను, ఒక్క అక్షరం మార్చకుండా. మా ఇంట్లోవాళ్లు, “ఇంకా ఏందయ్యా నీకా బటన్?” అని విసుక్కున్నారు. వాళ్లకు తెలియదు, నా చేతుల మీదుగా జరిగిన మంచి పని అని నేను వేలు పెట్టి చూపించగలిగింది అదొక్కటే. దాన్ని తీసేసినవాళ్లు ఎందుకు తీశారో, పెడితే ఎందుకు పెడతారో నాకు చెప్పి తీరాలి.

చివరికి జవాబు వచ్చింది. ఆ అమ్మాయే రాసింది. ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

“సార్, నమస్తే. ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఇద్దరు ఒప్పుకున్నదాన్ని ఆపడానికి మాకు ఎన్ని లైన్లు పట్టాయో లెక్కపెట్టమని మావాళ్లతో చెప్పాను. లెక్క సగంలో ఉండగానే ఎవరికీ ముగించాలనిపించలేదు, అందరం కూర్చుని వాటిని తీసేశాం. మీ బటన్ నిన్నటి నుంచి మళ్లీ పనిచేస్తోంది, మీరు పెట్టిన పేరుతోనే. స్క్రీన్ మీద ఇప్పుడు చాలా చోటు ఖాళీగా మిగిలింది. అక్కడ ఏం పెడదామని మావాళ్లు అడిగారు. ఏమీ పెట్టొద్దని చెప్పాను.”